తనంతట వెలుగు దీపము



నేటి ప్రసంగమునకు నేను గైకొనిన విషయము, చేయి తాకకుండ తనంతట వెలుగు దీపము. సంధ్యవేళ వెలిగి, తెల్లవాఱగనే ఆఱిపోవు దీపములు పట్టణములయందు ఇప్పుడు విరివిగా కానవచ్చుచున్నవి. మెట్లమీద అడుగిడగనే వెలుగునవియు గలవు. వేకువ నాలుగున్నరకు స్నానమునకు నీరు కాచియుంచు గీజరును, మేడమీది తొట్టి నిండగనే మోటారును నిలుపు పరికరమును ఈ జాతిలోనివే. వీనినన్నిటిని గుదిగ్రుచ్చి అంగడివారు 'స్మార్ట్ హోమ్' అని పేరిడిరి. పేరు క్రొత్తది, పని మాత్రము మిక్కిలి ప్రాతది.

ఎంత చిత్రమైన యంత్రమైనను అది అడుగు ప్రశ్నలు రెండే. 'ఇప్పుడు వేళ యెంత?' అనునది మొదటిది. 'ఇక్కడి స్థితి యెట్లున్నది?' అనునది రెండవది. మొదటి ప్రశ్నకు గడియారము బదులు చెప్పును. రెండవదానికి బదులు చెప్పునది సెన్సరు. వేడిమినిగాని, వెలుతురునుగాని, తేమనుగాని, కదలికనుగాని కనిపెట్టి తెలుపు సాధనమునకు ఆ పేరు. ఈ రెంటి చరిత్రయు పరిశీలింపగా నాకొక విషయము స్పష్టముగా తోచినది. యంత్రమునకు చూపు నిచ్చుట ఎన్నడో సాధ్యమైనది. చేయి నిచ్చుటయు సాధ్యమైనది. మన యిష్టమేమో దానికి తెలియజెప్పుట యొక్కటే నేటికిని చిక్కుగా నున్నది.

మన దేశమున వేళను కొలుచుటకు ఘటికాయంత్రముండెడిది. అడుగున సన్నని బెజ్జము గల రాగిగిన్నెను నీటితొట్టిలో విడుతురు. నీరు మెల్లమెల్లగా లోనికెక్కి గిన్నె మునిగినచో ఒక గడియ, అనగా నేటి లెక్కను 24 నిమిషములు. దినమునకు 60 గడియలు. తెలుగువారు ఈ గిన్నెను గడియకుడుక యనిరి. వివాహ ముహూర్తమునకు దీనిని కనిపెట్టుకొని కూర్చుండెడివారు. గిన్నె మునుగుట యంత్రపు పని. దానిని చూచి 'వేళయైన'దని కేక వేయుట మనుష్యుని పని. గడియకుడుకకు వేళ తెలియునేగాని, ఆ వేళకు జరుగవలసిన పనిని అది తానై జరుపజాలదు.

తాను కనిపెట్టిన దానినిబట్టి తానే పనిచేయు యంత్రములను ప్రాచీనులలో అలెగ్జాండ్రియా నగరమువారు కల్పించిరి. క్రీ. శ. 1వ శతాబ్దివాడగు హీరో అను నతడు వ్రాసిన గ్రంథమున ఒక దేవాలయ ద్వారమును గూర్చి కలదు. బలిపీఠముమీద అగ్నిని రగిల్చినచో, ఆ వేడిమికి గాలి వ్యాకోచించి, క్రిందనున్న గోళములోని నీటిని ఒక బాల్చిలోనికి త్రోయును. బాల్చి బరువెక్కి దిగజాఱగా త్రాళ్లు లాగబడి తలుపులు తెఱచుకొనును. అగ్ని చల్లాఱినంతనే నీరు వెనుకకు పోయి తలుపులు మూతపడును. చూచినవారు దేవతామహిమ యనుకొని యుందురు! అదే గ్రంథమున మఱియొక పాత్రగలదు. అందలి ద్రాక్షరసమును ఎవరేని ముంచుకొన్నచో, లోని తేలుడు బెండు క్రిందికి దిగి ద్వారము తెఱచును. పాత్ర మరల నిండగనే బెండు లేచి ద్వారమును మూయును. మన మేడలమీది తొట్లలో బాల్ వాల్వు చేయుచున్న పని సరిగా నిదియే. రెండువేల యేండ్ల నాటి యుక్తి మన యిండ్ల నెత్తిపై నేటికిని తేలుచున్నది.

ఇచ్చట నుండి పదునైదువందల యేండ్లు దాటి, హాలెండు దేశస్థుడగు కొర్నేలిసు డ్రెబెలు కడకు వత్తము. ఇతడు ఇంగ్లండు రాజగు మొదటి జేమ్సు ఆశ్రయమున నుండి 1633లో మరణించెను. నీటిక్రింద పోవు పడవను చేసినవాడని ఇతనికి గొప్ప పేరు. నాకు మాత్రము అతని కోడిగుడ్ల పొయ్యియే యెక్కువ విలువైనదిగా తోచును. గుడ్లను పొదిగించుటకు ఒక పెట్టెను చేసి, దానిక్రింద నిప్పుంచి, పెట్టెలో సారాయపు గొట్టము నమర్చెను. వేడిమి హెచ్చినచో సారాయము వ్యాకోచించి పాదరసమును త్రోయును. పాదరసము ఒక కడ్డీని లేపును. ఆ కడ్డీ పొగ పోవు రంధ్రమును మూయును. గాలి యాడక నిప్పు తగ్గును. వేడిమి తగ్గినచో కడ్డీ దిగి రంధ్రము తెఱచుకొనును; నిప్పు మరల రగులును. పొయ్యి తన్ను తానే అదుపులో నుంచుకొన్నది. అయినను గుడ్డునకు ఎంత వెచ్చదనము కావలెనో పొయ్యికి తెలియదు. అది కోళ్లను పెంచువానికి తెలిసిన విద్య. ఆ విద్యను అతడు కడ్డీ పొడుగులోను, పాదరసపు కొలతలోను ఇమిడ్చి పెట్టవలసియుండును. నేడు మనము 'సెట్టింగు' అను మాట పుట్టుక ఇచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

పిదప 18వ శతాబ్దమున జాన్ హారిసను అను ఆంగ్ల గడియారపు పనివాడు, ఇత్తడి రేకును ఉక్కు రేకును జోడించి యొక పట్టీ చేసెను. వేడిమికి రెండును ఒకే తీరున సాగవు గనుక పట్టీ ఒక వైపునకు వంగును. తన ఓడ గడియారము ఎండకు చలికి తప్పు నడువకుండుటకై అతడది చేసినాడు. 1830లో ఆండ్రూ యూరు అను స్కాట్లండు రసాయనజ్ఞుడు ఇట్టి జంటలోహపు పట్టీతో వేడిమిని అదుపులో నుంచు సాధనమునకు పేటెంటు పొంది, 'థర్మోస్టాట్' అని పేరు పెట్టెను. ఇస్త్రీపెట్టె కాగి కాగి 'టక్కు'మని యాగుటకు ఈ పట్టీయే కారణము.

ఇక అమెరికా కథ. ఇది కొంత నెమ్మదిగా చెప్పవలసినది, ఏలయన ఇల్లు అను మాట ఇందే ప్రవేశించుచున్నది.

విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను నూర ఉపాధ్యాయులకు శిక్షణ నొసగు పాఠశాల యుండెడిది. అచ్చటి యాచార్యులలో వారెన్ జాన్సను ఒకడు. ఆ దేశపు శీతకాలము కఠినమైనది గనుక నేలమాళిగలో కొలిమి వెలిగించి గదులను వెచ్చ చేయుదురు. బడి పనివాడు పాఠము నడుచుచుండగనే తలుపు తీసికొని వచ్చి, గోడమీది ఉష్ణమాపకమును చూచి, మాళిగకు దిగి గాలితలుపులను సరిచేసి, మరల వేఱొక గదికి పోవుచుండెను. ఈ రాకపోకలతో విసిగిన జాన్సను, 1883లో ఒక విద్యుత్సాధనమునకు పేటెంటు పొందెను. గదిలో చలి హెచ్చినచో మాళిగలో గంట మ్రోగును, అంతమాత్రమే. గాలితలుపును త్రిప్పువాడు ఇంకను పనివాడే. శ్రోతలు గమనింతురు గాక! ఈ యంత్రము చూచి చెప్పునదేగాని చేయునది కాదు. మన సెల్‌ఫోనునకు 'మీ తొట్టి నిండిన'దని వార్త పంపు సెన్సరు ఈ జాన్సను గంటకు వారసురాలు.

ఆ గంట చాలదని తలచినవాడు మినియాపొలిస్ నగరవాసి, స్విట్జర్లండున పుట్టిన ఆల్బర్టు బట్జు. ఇతడు 1885లో చేసిన సాధనము చిత్రముగా నుండును. గది చల్లబడగనే థర్మోస్టాటు విద్యుత్తును కలుపును, ఒక చిన్న మోటారు అరచుట్టు తిరుగును, దానికి కట్టిన గొలుసు కొలిమి గాలితలుపును ఎత్తును, బొగ్గు రగులును. గది వెచ్చబడగనే మోటారు మిగిలిన యరచుట్టు తిరిగి తలుపును దింపును. బడి పనివాడు మెట్లు దిగి ఎక్కి చేసిన పని యంతయు ఒక గొలుసు చేసినది. బట్జు స్థాపించిన సంస్థ చేతులు మాఱి, పేర్లు మాఱి, తుదకు 1927లో హనీవెల్ సంస్థతో కలిసినది. ఇటు జాన్సను మిల్వాకీలో నెలకొల్పిన సంస్థయు నేటికిని గలదు.

20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ సాధనమునకు గడియారమును జోడించిరి. రాత్రి నిద్రవేళ వెచ్చదనమును తగ్గించి, వేకువ నింటివారు లేవకమునుపే హెచ్చించుట దీని పని. 'వేళ యెంత?' అను ప్రశ్నయు, 'స్థితి యెట్లున్నది?' అను ప్రశ్నయు ఒకే పెట్టెలో కలిసికొన్నవి. నేటి ఫోనులలో మనము వ్రేలితో ఏర్పఱచుకొను నిత్యపట్టికకు మూలము ఈ కలయికయే.

ఈ కాలముననే ఇంగ్లండువారు తమ ప్రాణమునకు ప్రాణమైన తేనీటిని యంత్రమునకు అప్పగించిరి. 1902లో ఫ్రాంక్ క్లార్కు అను బర్మింగ్‌హాము తుపాకుల పనివాడు ఒక పేటెంటు పొందెను. నిర్ణయించిన వేళకు గడియారము ఒక అగ్గిపుల్లను గీయించును. అది సారాయదీపమును వెలిగించును. కెటిలులోని నీరు కాగును. కెటిలు వంగి తేయాకు పాత్రలో నీటిని పోయును. పిమ్మట గంట మ్రోగి నిద్రించువానిని లేపును. మంచము ప్రక్కన మండెడు సారాయదీపము నుంచుకొని నిద్రించిన వారి ధైర్యమునకు మెచ్చుకొనవలసినదే. కాని ఇందొక మర్మము గలదు. ఒక పని ముగిసినగాని రెండవది మొదలుకాదు. నీరు కాగిన పిమ్మటనే కెటిలు వంగవలెను. వంగిన పిమ్మటనే గంట మ్రోగవలెను. నేడు మనము 'ఆటోమేషను' అనుచున్న పనులవరుస అప్పుడే అగ్గిపుల్లతో నడచినది.

వెలుతురును కనిపెట్టు విద్యకు స్వీడన్ దేశస్థుడగు గుస్తాఫ్ డాలేన్‌ను ముందుగా స్మరింపవలెను. సముద్రతీరపు దీపస్తంభములలో ఎసిటిలీను గ్యాసును వాడుచుండిరి. మనుష్యసంచారము లేని రాతిదీవులమీద ఉదయముననే దీపము నార్పుటకు కాపరి నుంచుట దుర్భరము. ఆర్పకున్న గ్యాసు వ్యర్థము. 1907లో డాలేన్ సూర్యకవాటమును నిర్మించెను. అందు నాలుగు లోహపు కడ్డీలు. నడుమనున్న దానికి నల్లపూత. చుట్టునున్న మూటికి మెఱుగు. వెలుతురును నల్లనికడ్డీ పీల్చుకొని వేడెక్కి సాగును. మెఱుగుకడ్డీలు వెలుతురును త్రిప్పికొట్టును గనుక సాగవు. ఈ భేదమే గ్యాసు ద్వారమును మూయును. చీకటిపడగనే ద్వారము తెఱచుకొనును. ఎండాకాలపు వేడిమికిగాని చలికాలపు మంచునకుగాని నాలుగు కడ్డీలును సమముగ సాగి సమముగ ముడుచుకొనును గనుక కవాటము మోసపోదు. వెలుతురు నొక్కదానినే గుర్తించును. ఇంత సులువైన ఆలోచన ఇంత చక్కగా పనిచేయుట నేను మఱియొకచోట చూడలేదు. 1912లో డాలేన్‌నకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. అదే సంవత్సరము గ్యాసు ప్రయోగమున ప్రేలుడు సంభవించి ఆయన కన్నులు పోయినవి. ఓడలకు వెలుగు చూపినవాడు ఆ పిమ్మట పాతికేండ్లు, 1937లో మరణించువఱకు, చీకటిలోనే తన సంస్థను నడిపెను.

ఇక గడియారముతోనే వీధిదీపములను వెలిగించినవారికి వేఱొక చిక్కు తగిలినది. లండనులో సూర్యాస్తమయము శీతకాలమున పగలు నాలుగు గంటలకు మునుపే. గ్రీష్మమున దానికి సుమారు నాలుగున్నర గంటలు ఆలస్యముగా. ఒకే వేళకు దీపము వెలిగించిన కుదురదు. కావున ఋతువుతోపాటు వెలిగించు వేళను దినదినము కొంచెము జరుపు పళ్లచక్రములను గడియారములో నమర్చిరి. మన హైదరాబాదులో ఈ భేదము తక్కువ. నవంబరు చివర సుమారు 5 గంటల 40 నిమిషములకు అస్తమించు సూర్యుడు, జూలై మొదట సుమారు 6 గంటల 55 నిమిషములకు అస్తమించును. గంటంబావు భేదమేయైనను, అన్ని కాలములందును ఆఱు గంటలకని నిర్ణయించినచో గ్రీష్మమున దీపము ఎండలో వెలుగును, కార్తికమున ఇల్లు చీకటిలో నుండును. నేటి పరికరములకు మన యూరి అక్షాంశ రేఖాంశములను తెలిపినచో అవి సూర్యాస్తమయమును తామే గణించుకొనును. 'అస్తమయమునకు పావుగంట ముందు' అని చెప్పిన చాలును.

సెన్సరును అమర్చుకొనువారు తెలిసికొనదగిన ముచ్చట యొకటి ఇచ్చట చెప్పెదను. వెలుతురు ఒక మేరకు తగ్గగనే వెలుగవలెననియు, అదే మేరకు హెచ్చగనే ఆఱవలెననియు దీపమునకు ఆజ్ఞాపించితిమనుకొనుడు. దీపము వెలిగినది. దాని వెలుగే సెన్సరుమీద పడినది. 'తెల్లవాఱిన'దని సెన్సరు చెప్పును, దీపమాఱును, మరల చీకటి, మరల వెలుగు. రాత్రియంతయు దీపము కన్ను గీటుచుండును. దీనికి విరుగుడు రెండు హద్దులను పెట్టుట. వెలుగుటకు తక్కువ హద్దు, ఆఱుటకు ఎక్కువ హద్దు, నడుమ కొంత బీడు. గది థర్మోస్టాటులలోను ఈ బీడు తప్పక యుండును. లేనిచో యంత్రము క్షణమునకొకమాఱు తన మనస్సు మార్చుకొని త్వరలోనే పాడగును.

కదలికను గుర్తించు సెన్సరులు మనుష్య దేహమునుండి వెలువడు పరారుణ కిరణములను పట్టుకొనును. చుట్టునున్న గోడకంటె దేహము వెచ్చనైనంత కాలము అవి చక్కగా పనిచేయును. బెజవాడ వేసవిలో గోడయు దేహమును ఒకే వేడిమికి వచ్చినప్పుడు వానికి మనుష్యుడు సరిగా కానరాడు. చలిదేశమున పరీక్షించి వ్రాసిన దూరపు లెక్క మన మే నెలకు చెల్లదు. ఇదిగాక, కదలక కూర్చుండి చదువుకొనువాడు వానికి లేనివానితో సమానము. పుస్తకము మంచి పట్టులో నుండగా దీపమాఱును. అందుచే 'కదలిక లేక యెంతసేపైన పిమ్మట ఆర్పవలెను' అను గడువును మెట్లకు ఒక విధముగను, చదువు గదికి వేఱొక విధముగను ఏర్పఱచుకొనవలెను.

ఇంటిలోని పరికరములన్నియు ఒకదానితో నొకటి మాటలాడుట 1975 ప్రాంతమున మొదలైనది. స్కాట్లండులోని గ్లెన్‌రోథెస్ పట్టణమున పికో ఎలక్ట్రానిక్స్ అను సంస్థ, ఇంటి విద్యుత్తీగలమీదుగనే ఆజ్ఞలను పంపు ఉపాయమును కనిపెట్టి 'ఎక్స్ 10' అని పేరిడినది. క్రొత్త తీగలు లాగ నక్కఱలేదు. పదునాఱు ఇంటి గుర్తులు, ఒక్కొక్కదానికి పదునాఱు పరికరపు గుర్తులు, వెరసి 256. అయితే ఆజ్ఞ అందినదో లేదో తిరిగి చెప్పు ఏర్పాటు తొలి పరికరములందు లేదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరునుండి విద్యుత్తు పొందు ప్రక్కయింటివారు అదే గుర్తును ఎన్నుకొన్నచో, వారు మీట నొక్కగా మన దీపము వెలిగెడిది! ఇరుగుపొరుగు తగవులకు శాస్త్రము చేసిన సహాయమిది.

ఆజ్ఞను వ్రాయు భాష యును క్రమముగా స్థిరపడినది. 1979లో బెల్ ప్రయోగశాల వెలువరించిన యూనిక్స్ ఏడవ కూర్పులో 'క్రాన్' అను కార్యక్రమము గలదు. నిమిషము, గంట, తేది, మాసము, వారము అను అయిదు గడులను నింపినచో ఆ వేళకు పని జరుగును. 2013లో పౌలుస్ షౌట్సెన్ ఆరంభించిన 'హోమ్ అసిస్టెంట్' వంటివానియందు ఆజ్ఞకు మూడు భాగములు: ఏమి జరిగినప్పుడు, ఏ నియమము క్రింద, ఏమి చేయవలెను. తలుపు తెఱచుకొన్నప్పుడు, సూర్యుడస్తమించి యుండినచో, దీపము వెలిగింపుము. ఇంతే వ్యాకరణము. చిన్నపిల్లవాడైన నేర్వగలడు.

నేర్వగలడు గాని, జనులు నేర్చిరా? అమెరికా ప్రభుత్వపు 'ఎనర్జీ స్టార్' పథకము 1995 మొదలు, పట్టిక వేసికొనగల థర్మోస్టాటులకు తన ముద్ర నొసగుచు వచ్చినది. ఇంధనము ఆదా యగునని యాశ. 2009 చివర ఆ ముద్రను నిలిపివేసిరి. యంత్రములు చెడలేదు. గృహస్థులు పలువురు పట్టిక వేయనే లేదు. వేసినవారిలో కొందఱు దానిని తప్పించి, పాత కాలమువలెనే చేతితో త్రిప్పుకొనిరి. బొత్తాములు చిన్నవి, తెర చిన్నది, లేచు వేళ ఇంటిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. 2011లో అంగడికి వచ్చిన నెస్ట్ అను థర్మోస్టాటు ఇందుకొఱకే గృహస్థుని ప్రశ్నింపక, అతడు ఎప్పుడెప్పుడు త్రిప్పుచున్నాడో చూచి తానే పట్టికను ఊహించుకొన జొచ్చినది. మంచి యూహయే. కాని యూహించువారు మాఱిరి గాని, చిక్కు మాఱలేదు.

అమెరికా గృహస్థు పట్టిక వేయక చెడినాడు. ఒకమాఱు వేసిన పట్టికను మార్పకుండుటవలన కలుగు చిక్కునకు మన పొలముల గట్లమీదనే యొక తార్కాణము గలదు. ఇది ఇంటి ముచ్చట కాకపోయినను యంత్రము మాత్రము ఆ జాతిదే. బోరుబావి మోటారులకు మన రైతులు ఆటో స్టార్టరులను బిగించుకొనిరి. వ్యవసాయమునకు విద్యుత్తు రోజుకు కొన్ని గంటలే, అదియు తఱచు అర్ధరాత్రివేళ వచ్చుచుండెడి కాలమది. చీకటిలో గట్లవెంట పోయి మోటారు వేయబోయి పాముకాటుకును విద్యుదాఘాతమునకును గుఱియైనవారు గలరు. ఆటో స్టార్టరు మూడు ఫేజులును వచ్చినవో లేదో కనిపెట్టి, వచ్చినచో కొంత తడవు ఆగి, మోటారును నడపును. రైతు ఇంట నిద్రింపవచ్చును. ఇంత మేలైన యంత్రము అరుదు. పిమ్మట 2018 జనవరి 1వ తేదినుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు నొసగ నారంభించిరి. అప్పుడు ప్రభుత్వమే 'ఆటో స్టార్టరులను తీసివేయు'డని రైతులను వేడుకొనవలసి వచ్చినది. ఏలయన 'విద్యుత్తు రాగనే నడువుము' అను ఆజ్ఞ విద్యుత్తు కొద్దిసేపే యుండు కాలమునకు వ్రాసినది. విద్యుత్తు పోకయే యున్నచో మోటారు ఆగక తోడును; భూగర్భజలము తఱుగును. యంత్రము తప్పు చేయలేదు. తనకు చెప్పిన మాటనే పాటించినది. చెప్పిన నాటి స్థితి మాఱిపోయిన సంగతి దానికి తెలియదు.

మఱియొక విధమగు ఆపదయు నున్నది. ఆజ్ఞ వ్రాసినది గృహస్థుడేయైనను, అది యుండుచోటు ఎవరిది? నేటి పరికరములు పెక్కు, గోడమీది మీటనుండి వార్తను సముద్రముల కావలి కంప్యూటరునకు పంపి, అచ్చటి యనుమతి వచ్చిన పిమ్మట మూడుమూరల దూరముననున్న దీపమును వెలిగించుచున్నవి. రివాల్వ్ అను సంస్థ 300 డాలర్లకు అమ్మిన పెట్టెను 2014లో నెస్ట్ సంస్థ తన క్రిందికి తెచ్చుకొని, 2016 మే నెలలో దాని సేవను ఆపివేసినది. మంచిగా పనిచేయుచున్న పెట్టెలు ఆ దినమున ఉత్త డబ్బాలైనవి. ఇన్‌స్టియాన్ సంస్థ 2022 ఏప్రిలులో తన కంప్యూటరులను ముందు హెచ్చరిక లేకయే ఆర్పినది. వాడుకరులలో కొందఱు కలిసి ఆ సంస్థను కొని జూనులో మరల వెలిగించిరి. బట్జు గొలుసునుగాని, డాలేన్ కడ్డీలనుగాని దూరదేశమునుండి ఎవరును ఆర్పగలిగినవారు కారు. ఈ విషయమున మనము ముందుకు పోతిమని చెప్పుటకు నాకు నోరాడదు.

దీనిని కొంతవఱకు సరిదిద్దుటకు పెక్కు సంస్థలు కూడి 2022 అక్టోబరులో 'మ్యాటర్' అను పొత్తు ప్రమాణమును వెలువరించినవి. వేఱువేఱు సంస్థల పరికరములు ఇంటిలోని జాలమునందే ఒకదానితో నొకటి మాటలాడుకొనునట్లు ఇది యేర్పాటు చేయును. వెలుపలి తీగ తెగినను మెట్లమీది దీపము వెలుగును. ఇందాక చెప్పిన హోమ్ అసిస్టెంటును సైతము ఇంటిలోని చిన్న కంప్యూటరుమీదనే నడుపుకొనవచ్చును. ఆజ్ఞల పుస్తకము మన బీరువాలోనే యుండునన్నమాట.

అట్లు తమ పుస్తకమును తామే వ్రాసికొనదలచిన తెలుగు గృహస్థులకు ఒక తమాషా యెదురగును. అయిదు గడుల క్రాన్ పట్టికలో తిథికి చోటు లేదు. కార్తికమాసమంతయు సంధ్యవేళ తులసికోట చెంత విద్యుద్దీపము వెలిగింపవలెననుకొనుడు. సంధ్య యెప్పుడో యంత్రము గణించును. కార్తికము ఎప్పుడో దానికి తెలియదు. ఆ మాసము ఒక యేడు అక్టోబరున, మఱియొక యేడు నవంబరున మొదలగును. నడుమ అధికమాసము వచ్చి లెక్కను తాఱుమాఱు చేయును. ఏకాదశి ఒకనాటి మధ్యాహ్నమున మొదలై మఱునాటి మధ్యాహ్నము దాక సాగవచ్చును. ఉపవాస మేనాడో యింటి సంప్రదాయమునుబట్టి యుండును. ఇందుకు ఉపాయము లేకపోలేదు. పంచాంగము చూచి ఆ తేదులను ఇంటిలో నెవరో యొకరు పట్టికగా వ్రాసి యంత్రమున కందీయవలెను. ఉగాదికి క్రొత్త పంచాంగము రాగనే ఆ పట్టికను తీసివేసి మరల వ్రాయవలెను.